కుండ, కడవ, కాగు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథ చదివాను, ఆగి మళ్లీ చదివాను. నచ్చింది. అత్తాకోడళ్ల మధ్య నలుగుతున్న గొడవను అరుపుల్లో కాకుండా, వంటింట్లో గిన్నె దించే చప్పుడులో వినిపించావు. అది అందరికీ చేతనయ్యే పని కాదు. అందుకని కథ ఎలా ఉందో చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. అందులోని ఒక్క వస్తువు గురించి నీతో కాస్త తీరిగ్గా మాట్లాడాలనిపించింది.

కథంతా నాయనమ్మ నీళ్ల కుండ చుట్టూ తిరుగుతుంది. మొదటి పేరాలో అది కుండ. రెండో పేరాకు కడవ అయింది. తర్వాత ఘటం, ఆ తర్వాత మృణ్మయ పాత్ర, కోడలి చెయ్యి తగిలి పగిలేటప్పటికి కలశం. ఎందుకలా మార్చావో తెలుసు. రాసిన మాటే మళ్లీ రాస్తే చదివేవాళ్లకు విసుగు పుడుతుందని బళ్లో చెప్తారు. పరీక్షలో పర్యాయపదాలు అడుగుతారు, ఎన్ని రాస్తే అన్ని మార్కులు. కథకు ఆ లెక్క పనికిరాదు. 'కలశం నేలపడి ముక్కలైంది' అన్నావు. కలశం అనగానే మామిడాకులు, కొబ్బరికాయ, పసుపు దారం కళ్ల ముందుకొస్తాయి. ఏదో పూజ మధ్యలో ఆగిపోయిందనుకుంటారు. నీ కథలో పగిలింది ఎండపూట దాహానికి ముంచుకు తాగే నీళ్ల కుండ. ఆ దెబ్బ తగలాల్సిన చోట నీ మాట అడ్డం పడింది.

కుండ అన్నా కుంభమన్నా, కొండ అన్నా పర్వతమన్నా, ఉప్పన్నా లవణమన్నా ఒకటే కదా అన్నాడు వేమన. ఆయన చెప్తున్నది పరతత్వం గురించి. భాషలు వేరైనా లోపలి సత్యం ఒకటే అన్నది ఆయన మాట, అక్కడ అది నిజం. కథ రాసేవాళ్లకు మాత్రం కుండ వేరు, కుంభం వేరు. పెద్దవాళ్లు ఇంటికొస్తే పూర్ణకుంభంతో స్వాగతం చెప్తాం, నిండుకుండతో చెప్పం. నిండుకుండ అంటే తొణకని మనిషి, లేదంటే వానలకు నిండిన చెరువు. అర్థం చూస్తే రెండూ నీళ్లు నిండిన కుండలే. ఒకటి గుడి నుంచి వచ్చింది, ఇంకొకటి ఇంటి నుంచి వచ్చింది. జోరున కురిసే వానను 'కుండపోత' అంటే మన ఇంటి చూరు కింద నిలబడి చూస్తున్నట్టుంటుంది. 'కుంభవృష్టి' అంటే పేపర్లో చదువుతున్నట్టుంటుంది. మాట వినని పిల్లాణ్ణి మొండి ఘటం అంటాం, మొండి కుండ అని ఎవరూ అనరు. కచేరీలో వాయించేది ఘటం. అది మట్టితో చేసిందే అయినా దాన్ని కుండ అంటే వాయించేవాళ్లు నొచ్చుకుంటారు. హైదరాబాదు బోనాల్లో అమ్మవారి పేరున ఊరేగించేదీ ఘటమే.

నిఘంటువులో ఈ మాటలన్నీ పక్కపక్కనే ఉంటాయి. అది నిఘంటువు తప్పు కాదు, దాని పని అది. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువునైనా, 1885 నాటి శబ్దరత్నాకరాన్నైనా రోజూ తిరగెయ్యి, నేనూ తిరగేస్తాను. కానీ రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి, మార్చడానికి మాట కోసం అందులో వెతకొద్దు. ముందు వస్తువును తెలుసుకో. ఎంత ఉంటుంది, మూతి వెడల్పా ఇరుకా, మెడ ఉందా లేదా, పొయ్యి మీదికెక్కుతుందా, మూల కూర్చునేదా, చంకలో మోసేదా, చెట్టుకు వేలాడేదా. ఇవి తెలిస్తే మాట దానంతటదే వస్తుంది. తెలుగువాళ్లు కుండకు ఇన్ని పేర్లు పెట్టింది పద్యాల్లో ప్రాస కుదరడానికి కాదు. ఒక్కో పనికి ఒక్కో ఆకారం కావాల్సి వచ్చింది, ఒక్కో ఆకారానికి ఒక్కో పేరు కావాల్సి వచ్చింది.

అన్నం వండేది కుండ. కూర వండేది చట్టి, రాయలసీమలో కొన్నిచోట్ల సట్టి. చేపల పులుసుకు మూతి వెడల్పుగా ఉన్న దాక కావాలి. పులుసు దాకలో గరిటె పెట్టి కలపరు, ముక్క చితుకుతుందని దాకనే పట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు. ఇది తెలిసిన రచయిత 'దాక' అని రాస్తే, ఆ తిప్పడం కూడా చదివేవాళ్లకు కనిపిస్తుంది. పాలకూ పెరుగుకూ దుత్త. నీళ్లు మోసేది కడవ. దానికి మెడ ఉంటుంది, చెయ్యి చుట్టి నడుముకు ఆనించుకోవడానికి వీలుగా. బుంగకు మూతి ఇరుకు, పొట్ట పెద్దది. అలిగిన పిల్ల మూతిని బుంగమూతి అన్నవాళ్లు ఆ బుంగను రోజూ చూసినవాళ్లే. ఎవరి పొట్టనైనా బానకడుపు అంటే బాన ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. స్నానాలకు నీళ్లు కాచేది, పెద్దగా ఉండేది కాగు. గొడ్లకు కుడితి పోసేది గోలెం. తాటిచెట్టుకు కట్టేది లొట్టి, కల్లు తాగేది ముంత. పిల్లలు ఆడుకునే బుల్లి కుండ గురిగి. అరచేతిలో పట్టేది పిడత. బీచుల్లో, తిరునాళ్లలో అమ్మే పిడతకింద పప్పు పేరులో ఆ పిడత ఇంకా ఉంది.

సామెతలు చూడు, కొలత ఎక్కడా తప్పదు. చల్లకొచ్చి ముంత దాచినట్టు అన్నారు. ముంత కాబట్టే కొంగు చాటున దాగుతుంది. కడవ తెచ్చి దాచమంటే ఎక్కడ దాస్తుంది ఆ ఇల్లాలు? గుమ్మడికాయ దగ్గరికొచ్చేసరికి కడవంత గుమ్మడికాయైనా కత్తిపీటకు లోకువే అన్నారు. అక్కడ ముంతంత అంటే సామెతే లేదు. మన భాషలో కొలిచే పద్ధతి కూడా పాత్రలోంచే పుట్టింది: కుండెడు, కడివెడు, ముంతెడు, చాటెడు, గంపెడు. గంపెడాశ, పుట్టెడు దుఃఖం అనే మాటలు అలాగే వచ్చాయి. ధాన్యం కొలిచే పుట్టితో దుఃఖాన్ని కొలిచారు. నీ కథలో నాయనమ్మ 'ఎక్కువ నీళ్లు' తెచ్చిందని ఒకచోట రాశావు. రెండు కడవల నీళ్లు అను, ఆమె నడుము నొప్పి కూడా చెప్పినట్టవుతుంది.

నీ కథలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పర్యాయపదాల మోజులో పడి, అక్కడ ఒకటి కాదు రెండు పాత్రలున్నాయన్న సంగతి నీకే మరుగున పడింది. నాయనమ్మ మానేటి నుంచి నీళ్లు తెచ్చే పాత్ర ఒకటి. తెచ్చిన నీళ్లు పోసి చల్లబెట్టే పాత్ర ఇంకొకటి. మొదటిది తిరిగేది, రెండోది కదలనిది. కదలనిదానికి మీ వైపు రంజన్ అంటారు కదా. మరాఠీలో కూడా రాంజణ్ అనే ఆ మాట ఉంది. దాన్ని నేలలో కాస్త దిగేసి గానీ, అడుగున కుదురు వేసి గానీ కూర్చోబెడతారు. ఇప్పుడు చెప్పు, కోడలి చేతిలో ఏది పగిలింది? మోసేది పగిలితే అది దారిలో జరిగిన ప్రమాదం, రేపు ఇంకోటి కొనుక్కుంటారు. ఏళ్లుగా మూల కూర్చున్న రంజన్ పగిలితే అత్తకు అది కోడలు కావాలని చేసిన పనిలా తోస్తుంది. నీ కథలో గొడవ అంత పెద్దదవడానికి కారణం నువ్వు రాయకుండానే ఉంది, పాత్ర పేరులోనే ఉంది. రెంటికీ కలిపి ఐదు పేర్లు పెట్టడంతో ఆ కారణం చెదిరిపోయింది.

కుదురు అన్నాను కదా. గడ్డితోనో పాత గుడ్డతోనో చుట్టి కుండ అడుగున పెట్టే చుట్ట అది. గుండ్రటి అడుగున్న కుండ అది లేకపోతే దొర్లుతుంది. 'కుదురుగా కూర్చో' అని పిల్లల్ని కసిరే ప్రతి తల్లీ ఆ చుట్టనే తలుచుకుంటోంది, తనకు తెలియకపోయినా. ఇలాంటి మాటలు ఇంట్లో ఇంకా ఉన్నాయి. కుండ మూతికి గుడ్డ బిగించి కట్టడాన్ని వాసెన కట్టడం అంటారు. లోపల నీళ్లు మరుగుతుంటే ఆ గుడ్డ మీద కుడుములు ఉడుకుతాయి. ఇడ్లీ పాత్ర రాకముందు ఆవిరి మీద వంట అలాగే జరిగేది. కుండలో బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అనరు మన ఆడవాళ్లు, 'నిండుకున్నాయి' అంటారు. ఖాళీ అయిందన్న మాట ఆ ఇంట్లో వినపడకూడదు. అర్థం పూర్తిగా తిరగబడిన మాట, వినే ప్రతి ఒక్కరికీ తెలిసిన మాట. నీ కథలో కోడలు 'బియ్యం ఖాళీ అయ్యాయి' అంటుంది. ఆ తరం కోడలు అత్తతో అలా అనదు, అంటే అది తిరుగుబాటే. తిరుగుబాటు కావాలంటే అలాగే ఉంచు. కాకపోతే మార్చు.

ఇంకో సంగతి నిన్ను ఆలోచించమంటాను. మట్టికుండకూ ఇత్తడి బిందెకూ తేడా ధరలో ఒక్కటే లేదు. పాత ఆచారంలో బిందె మైలపడితే చింతపండు పెట్టి తోమి, కడిగి వాడుకునేవారు. కుండ మైలపడితే పారేయాల్సిందే. మట్టి పీల్చుకుంటుంది కాబట్టి దానికి శుద్ధి లేదన్నారు. గ్రహణం తర్వాత, ఇంట్లో చావు జరిగిన తర్వాత వంట కుండలు బయటికి పోయేవి. అంటరానివాళ్లన్న పేరు పెట్టి దూరం ఉంచిన మనుషుల చెయ్యి తగిలినా అదే జరిగేది. నీళ్లు అడిగిన మనిషికి దోసిట్లోకి ఎత్తి పోయడం, వేరే ముంత పెట్టడం ఈ దేశంలో కోట్ల మంది అనుభవించిన అవమానం. కాబట్టి ఒక కథలో ఎవరో ఎవరి కుండనో ముట్టుకున్నారంటే, అది ఏ ఇంటి కుండ, ఎవరి చెయ్యి అన్నది రాసేవాళ్లకు తెలిసి ఉండాలి. నీ కథలో నీళ్లు అడగడానికి వచ్చే జీతగాడు ఒకడున్నాడు. అతనికి నాయనమ్మ దేనితో నీళ్లిచ్చిందో నువ్వు రాయలేదు. 'నీళ్లిచ్చింది' అని దాటేశావు. అక్కడ ఆగు. చెంబుతో ఇచ్చిందా, ముంత ఇచ్చిందా, దోసిలి పట్టమందా? ఒక్క మాటతో నాయనమ్మ ఎలాంటి మనిషో తేలిపోతుంది. ఆమె మంచిదైతే మంచిది, కాకపోతే కాదు. దాచొద్దు.

కాలం విషయం కూడా చూసుకో. నీ కథ ముప్పై నలభై ఏళ్ల కిందటి ఊళ్లో జరుగుతోంది, కానీ నాయనమ్మ నోట 'మట్టికుండ' అనిపించావు. ఆమెకు కుండ అంటేనే మట్టిది. ముందు మట్టి అని చేర్చి చెప్పాల్సిన అవసరం సత్తు గిన్నెలూ, స్టీలు బిందెలూ, ప్లాస్టిక్ బిందెలూ ఇంటినిండా చేరిన తర్వాత మనకొచ్చింది. ఇప్పుడు పట్నంలో కుళాయి బిగించిన కుండ అమ్ముతున్నారు, హోటలు బోర్డు మీద కుండ బిర్యానీ అని రాస్తున్నారు. మనవరాలు 'మట్టికుండ' అంటే సహజంగా ఉంటుంది. నాయనమ్మ అంటే ఆ మాట నీది, ఆమెది కాదు. అలాగే కూజా అనే మాట పర్షియన్ నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరింది. పొడుగు మెడతో, రైలు ప్రయాణాల్లో వెంట వచ్చే నీళ్ల కూజా. ఆ మాటను తెలుగు కాదని తీసేసి 'మృద్భాండం' అని పెట్టే సంపాదకులు నీకు తగలొచ్చు. ఒప్పుకోకు.

ఆతుకూరి మొల్లను మనం కుమ్మరి మొల్ల అని పిలుచుకుంటాం. తన రామాయణం మొదట్లోనే ఆమె ఈ సంగతి తేల్చిచెప్పింది. తేనె తగలగానే నోరు తీపెక్కినట్టు అర్థం వెంటనే తోచాలని, గూఢశబ్దాలు కూర్చిన కావ్యం మూగ చెవిటివాళ్ల ముచ్చట అవుతుందని అంది. మొల్లకు సంస్కృతం రాక అన్న మాట కాదు, రామాయణం రాసిన మనిషి. మాట అందాలి అన్నది ఆమె పట్టుదల. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల నుంచీ ఆ పద్యాన్ని దగ్గర ఉంచుకున్నాను. నువ్వు కూడా చదువు.

అయితే నీకు తెలిసిన ఊరి మాటలన్నీ తెచ్చి కథలో గుమ్మరించమని కాదు నేను చెప్పేది. అది ఇంకో రకం ప్రదర్శన. నిన్న భాండం అని రాసినవాళ్లు ఇవాళ అదే ఉత్సాహంతో పేజీకి పది మాండలిక పదాలు పెడుతున్నారు. కథలో ఆ పాత్రతో పని పడితేనే దాని పేరు రావాలి. ఒకసారి రంజన్ అన్నావంటే చివరిదాకా రంజన్ అనే రాయి. ఇరవైసార్లు వచ్చినా పరవాలేదు. ఇంట్లో మనం ఒకే వస్తువును రోజుకు ఎన్నిసార్లు పిలిచినా అదే పేరుతో పిలుస్తాం, ఎవరికీ విసుగు రాదు. విసుగు వచ్చేది మాట తిరిగి రావడం వల్ల కాదు, దాని చుట్టూ ఏమీ జరగకపోవడం వల్ల. చదివేవాళ్లకు రంజన్ తెలియదేమోనని టెన్షన్ పడకు, పక్కన అర్థం రాయకు. నాయనమ్మ గ్లాసు ముంచి నీళ్లు తీస్తుంది, గోడ వారన తడి నేల ఉంటుంది, చాలు. శ్రీకాకుళంలో చదివేవాళ్లకు కూడా తెలిసిపోతుంది.

ఆ తడి సంగతి కూడా సరిగ్గా రాయి. కుండ బయటికి చెమర్చడం లోపం కాదు. సన్నటి రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి, గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అందుకే నీళ్లు చల్లబడతాయి. ఉక్కపోతగా ఉన్న రోజు, గాలిలో తేమ ఎక్కువైన రోజు అంతగా చల్లబడవు. నువ్వు వర్షాకాలం మధ్యలో 'మంచులా చల్లటి కుండ నీళ్లు' అని రాశావు. ఆ వాక్యాన్ని ఎండాకాలానికి మార్చు.

మాటలు ఎక్కడ దొరుకుతాయని అడిగావు. పుస్తకాల్లో దొరికేవి ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల్ని అడిగించి సేకరించిన మాటలతో 1962లో వ్యవసాయ పదాల కోశం వచ్చింది, 1971లో చేనేత పదాలది వచ్చింది. ఒక వృత్తికి ఎంత భాష ఉంటుందో అవి చూస్తే తెలుస్తుంది. కానీ నీకు ఇంకా దగ్గర దారి ఉంది. వచ్చే నెల ఊరికెళ్తున్నానన్నావు. మీ ఊళ్లో కుమ్మరం పని ఇంకా చేస్తున్న ఇల్లు ఒక్కటైనా ఉంటే వెళ్లి కూర్చో. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు, ఏడాది చేసిన పని ఒక్క దుడ్డుకర్ర దెబ్బతో పోతుందని. ఆ ఏడాది పని ఎలా ఉంటుందో చూడు. చెరువు మన్ను తెచ్చి, రాళ్లు ఏరి, ఇసుక కలిపి కాళ్లతో తొక్కడం, సారె అనే కుమ్మరి చక్రం మీద మూతీ మెడా తీయడం, కాస్త ఆరనిచ్చి లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొడుతూ పొట్ట సాగదీయడం, అడుగు మూసేయడం, చివరికి ఆవంలో పేర్చి కాల్చడం. సారె తిప్పేది ఎక్కువగా మగవాళ్లే అయినా, మన్ను తొక్కడంలో, ఆరబెట్టడంలో, మోసుకెళ్లి అమ్మడంలో ఆడవాళ్ల చాకిరీ ఎంతుందో గమనించు. వాళ్లతోనే ఎక్కువసేపు మాట్లాడు.

వెళ్లినప్పుడు ఏం అడగాలో రాస్తున్నాను. ఏ కుండకు ఏ పేరు, ఎవరు కొంటారు. పెళ్లికి ఐరేని కుండలు చేసేటప్పుడు ఎన్ని చేస్తారు, మీద ఏ రంగులు వేస్తారు, వాటిని తీసుకెళ్లడానికి పెళ్లివాళ్లు మేళంతో వస్తారా, ఏమిచ్చి తీసుకెళ్తారు. కోస్తాలో వీటినే అవిరేణి కుండలు అంటారు. ఆషాఢంలో బోనానికి ఇచ్చే కుండ మామూలు కుండేనా, వేరుగా చేస్తారా. బోనం అంటే అసలు భోజనమే. లోపలి అన్నం పేరు అలా కుండకు అంటుకుంది. చావుకు ఇచ్చే కుండను ఏమంటారు, దానికి డబ్బు తీసుకుంటారా. పగిలినదాన్ని ఏమంటారు. మా వైపు పెంకు అంటాం, పెంచిక అని కొందరంటారు, నెర్రె పడి ఇంకా పగలనిదాన్ని ఓటికుండ అంటాం. కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు కదా, మంచి కుండ మోతకు వాళ్లు ఏదైనా పేరు పెట్టుకున్నారా అని అడుగు. ఫోనులో రికార్డు చేసేముందు వాళ్ల అనుమతి తీసుకో. ఊరికే మాటలు తెచ్చుకోకుండా ఒక కుండ కొనుక్కుని రా, ధర తగ్గించమని బేరం చేయకు.

కథ తిరగరాశాక పంపు. జీతగాడి నీళ్ల దగ్గర ఏం రాశావో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు